శ్రీశైలం ఘాట్‌లో ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది: హెడ్ పనితో సరిపోతుందా, ఇంజిన్ దించాలా?

నల్లమల_బాట (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. చాలా టెన్షన్‌లో ఉన్నాను, తెలిసినవాళ్లు దయచేసి సలహా ఇవ్వండి.

కారు 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మొన్న ఆదివారం శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాం. అయిదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆన్‌లో ఉంది. డ్యామ్ దాటి ఈగలపెంట వైపు ఎక్కుతుంటే ఎర్ర లైటు వెలిగింది. తమ్ముడు నడుపుతున్నాడు. ఆ మలుపుల్లో పక్కకు తీయడానికి చోటు లేదు, వెనకాలే బస్సు. కాస్త వెడల్పు దొరికేదాకా పోనిచ్చాడు. ఆపేలోపే బండి దానంతటదే ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది.

లారీ మీద హైదరాబాద్ తెచ్చాం. మెకానిక్ చూస్తే రేడియేటర్ కింది హోస్ పైపు చీలిపోయి ఉంది, లోపల చుక్క కూలెంట్ లేదు. పైపు మార్చి, నీళ్లు పోసి స్టార్ట్ చేశాడు. బండి స్టార్ట్ అయింది గానీ మిస్సింగ్ కొడుతోంది. సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ, రిజర్వ్ ట్యాంకులో బుడగలు. ఆయిల్ మూత తీస్తే అడుగున పాలు కలిపిన కాఫీ రంగులో జిగట.

ఇప్పుడు మూడు మాటలు వినిపిస్తున్నాయి. ఈ మెకానిక్ "గ్యాస్‌కెట్ మార్చేస్తే చాలు, 15 వేలు" అంటున్నాడు (ఇంజిన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీలు అది). సర్వీస్ సెంటర్ వాళ్లు విప్పి కూడా చూడకుండా లక్షకు పైగా ఎస్టిమేట్ వేశారు. ఇంకొకాయన "పాత ఇంజిన్ తెచ్చి పెట్టిస్తా, 50 వేలు" అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? కారు అమ్మే ఉద్దేశం మాకు లేదు.

ఆటోనగర్_బెజవాడ

తమ్ముడూ, ముందు ఆ బండిని ఇక ఎవరినీ స్టార్ట్ చేయనివ్వకు. వచ్చిన ప్రతి మెకానిక్కూ "ఒకసారి సౌండ్ విందాం" అని సెల్ఫ్ కొడతాడు. ఆయిల్‌లో నీళ్లు కలిశాక ఇంజిన్ తిరిగిన ప్రతి నిమిషం క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) బేరింగులకు దెబ్బే. ఆ ఆయిల్ ఈరోజే దించేయమను. పని రేపు మొదలుపెట్టినా, వచ్చే వారం మొదలుపెట్టినా, ఆ నీళ్లు లోపల నిలవుండకూడదు. ఉంటే బేరింగులూ, పిస్టన్లు కదిలే సిలిండర్ బోర్లూ తుప్పు పట్టేస్తాయి.

తర్వాత కొన్ని విషయాలు చెప్పు. క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతోందా, ఎక్కడైనా పట్టేస్తోందా? ప్లగ్గులు తీసి చూశారా? కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి, కొలిచారా? ఈ మూడూ తెలియకుండా 15 వేలు అన్నవాడిదీ లక్ష అన్నవాడిదీ ఊహే.

మదనపల్లె_మైలేజ్

మా వైపు రేడియేటర్ కారితే పసుపు వేస్తారు, ఆగుతుంది కూడా. హెడ్ గ్యాస్‌కెట్ కోసం కూడా సీసాల్లో మందు దొరుకుతోంది కదా. విప్పే ముందు అది వాడి చూస్తే ఖర్చు తప్పుతుందేమో?

ఆటోనగర్_బెజవాడ

వద్దు సార్. అడవి మధ్యలో రేడియేటర్‌కి సన్న చిల్లు పడితే, పసుపు వేసుకుని ఊరు చేరడం వరకు ఒప్పుకుంటాను. గ్యాస్‌కెట్ సంగతి వేరు. ఫుల్ లోడ్ మీద సిలిండర్ లోపల ఒత్తిడి 50 బార్‌లు దాటుతుంది. దాన్ని ఏ మందూ ఆపలేదు. ఆ మందు మాత్రం రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ హీటర్ కోర్‌లోనూ పేరుకుంటుంది. రేపు హెడ్ పని బాగా చేయించినా, ఆ పూడిక వల్ల బండి మళ్లీ వేడెక్కుతుంది.

నల్లమల_బాట

అన్నా, చెప్పినట్టే ఆయిల్ దించేశాం. అడుగున ముందు నీళ్లే వచ్చాయి, చాలానే. తర్వాత కొత్త ఆయిల్ పోసి, పెట్రోల్ పంప్ ఫ్యూజ్ తీసి, ప్లగ్గులన్నీ విప్పి, వేరే మెకానిక్‌తో కంప్రెషన్ చూపించాను. పుల్లీ చేత్తో సాఫీగానే తిరుగుతోంది.

చదరపు సెంటీమీటరుకి లెక్కన ఒకటో సిలిండర్ 12.5 కిలోలు, రెండు 6, మూడు 5.5, నాలుగు 12. రెండో ప్లగ్గు, మూడో ప్లగ్గు కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. మిగతా రెండూ మామూలు గోధుమ రంగు.

ఫీలర్_గేజ్ (సికింద్రాబాద్)

నాది హెడ్ వర్క్, లేత్ షాపు. ఇలాంటి హెడ్లు రోజూ మా బల్ల మీదకు వస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీ రీడింగ్ చాలా విషయాలు చెబుతోంది. పక్కపక్కన ఉన్న రెండు, మూడు సిలిండర్లలో మాత్రమే కంప్రెషన్ సగానికి పడిపోయింది. అంటే ఆ రెంటి మధ్య సన్నగా ఉండే చోట గ్యాస్‌కెట్ కాలి, ఒకదాని గాలి ఇంకోదానిలోకి పోతోంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు పోయి ఉంటే సరిగ్గా ఈ రెండే, దాదాపు ఒకే స్థాయిలో పడిపోవడం అరుదు. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవండి. రీడింగ్ బాగా పెరిగితే రింగుల మీద అనుమానం, అలాగే ఉంటే గ్యాస్‌కెట్ లేదా వాల్వులు.

ఇక హెడ్. అల్యూమినియం వేడికి పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. కూలెంట్ పోయాక ముందుగా మండేది ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉన్న భాగం. అది సాగాలని చూస్తుంది, చుట్టూ స్టీలు బోల్టులు కదలనివ్వవు. పోయే దారి లేక మధ్యలో వంపు తిరుగుతుంది. చల్లారాక ఆ వంపు పూర్తిగా పోదు. దాని మీద కొత్త గ్యాస్‌కెట్ వేస్తే కొన్నాళ్లకు అదే చోట మళ్లీ కాలుతుంది. "గ్యాస్‌కెట్ మారిస్తే చాలు" అన్న మాటను నేను ఒప్పుకోనిది అందుకే.

హెడ్ విప్పాక మీరే దగ్గరుండి కొలిపించండి. ముఖం శుభ్రం చేసి, దాని మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (కచ్చితంగా తిన్నగా ఉండే స్టీలు బద్ద) నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూడాలి. పొడవు రెండు అంచుల వెంట, అడ్డంగా రెండు చివర్లా, మూల నుంచి మూలకు రెండు వైపులా. ఇలాంటి చిన్న ఇంజిన్లకు ఎక్కువ కంపెనీలు ఒప్పుకునేది 0.05 మిల్లీమీటరు వరకే. మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఎంతుందో అదే లెక్క. బ్లాకు పైముఖాన్ని కూడా ఇలాగే కొలవాలి. చాలామంది హెడ్‌ను లేత్‌కి పంపి, బ్లాకు సంగతి మర్చిపోతారు.

ఇప్పుడు అసలు విషయం, ఎక్కువ మంది దాటేసేది. హెడ్ కింది ముఖం వంగిందంటే పైన వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ కూర్చునే గుంటల వరస కూడా వంగిందన్న మాట. కింద ఫేసింగ్ కొట్టి చదును చేసినంత మాత్రాన పైన వరస తిన్నగా రాదు. అలాగే బిగించేస్తే క్యామ్ మధ్య గుంటలో రాసుకుంటూ తిరుగుతుంది. జర్నల్ (గుంటలో తిరిగే క్యామ్ భాగం) అరుగుతుంది, కొన్నిసార్లు క్యామ్ విరుగుతుంది. దీన్ని కనిపెట్టడం చాలా తేలిక. టాపెట్లు (క్యామ్‌కీ వాల్వులకీ మధ్య ఉండే ముక్కలు) తీసేసి, క్యామ్‌ను ఒక్కదాన్నే పెట్టి, కాస్త ఆయిల్ వేసి, క్యాపులు సరైన టార్క్‌కి బిగించి వేళ్లతో తిప్పండి. తిరగాలి. ఎక్కడైనా బిగుసుకుంటే ముందు హెడ్‌ను తిన్నగా చేయాలి. మందపాటి స్టీలు ప్లేటు మీద, రెండు చివర్ల కింద షిమ్ములు పెట్టి, మధ్యలో కిందికి బిగించి, ఓవెన్‌లో వేడిచేసి నెమ్మదిగా చల్లారనిస్తారు. ఆ తర్వాతే ఫేసింగ్. అది కూడా ఎంత అవసరమో అంతే. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి నాకింగ్ (ఇంజిన్ లోపల టకటక కొట్టుకోవడం) వస్తుంది, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి.

ఫేసింగ్ కంటే ముందు ప్రెషర్ టెస్ట్ అడగండి. నీటి దారులన్నీ రబ్బరు, ప్లేట్లతో మూసి, హెడ్‌ను వేడినీళ్ల తొట్టిలో ముంచి లోపలికి గాలి పెడతాం. పగులుంటే బుడగలు వస్తాయి. ఎక్కువగా రెండు వాల్వు సీట్ల మధ్య, ప్లగ్గు రంధ్రం దగ్గర పగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే పగుళ్లు వేడినీళ్లలోనే బయటపడతాయి. పగిలిన హెడ్‌కి ఫేసింగ్ కొట్టించడం డబ్బు దండగ.

ఇంకోటి, విపరీతంగా కాలిన హెడ్ మెత్తబడుతుంది. బోల్టు వాషర్ల కింద లోతుగా అచ్చులు పడ్డాయంటే హార్డ్‌నెస్ చూపించండి. మెత్తబడితే ఇంకో హెడ్ వెతుక్కోవడమే.

నల్లమల_బాట

ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా చాలా థ్యాంక్స్ అన్నా. క్యామ్ వరస గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆయిల్ వేసి మళ్లీ కొలిపించాం, రీడింగ్ పెద్దగా మారలేదు. ఒక అనుమానం. ఎర్ర లైటు అంత ఆలస్యంగా ఎందుకు వెలిగింది? వెలిగిన కాసేపటికే ఇంజిన్ ఆగిపోయింది.

పాలమూరు_క్యాబ్

భయ్యా, నేను చాలా ఏళ్లుగా క్యాబ్ నడుపుతున్నా. చిన్న కార్లలో చాలావాటికి టెంపరేచర్ ముల్లు ఉండదు, చల్లగా ఉంటే నీలం లైటు, మరిగితే ఎర్ర లైటు, అంతే. పైగా సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. హోస్ పగిలి నీళ్లు ఒక్కసారి పోతే సెన్సార్ చుట్టూ ఆవిరో గాలో మిగులుతుంది. హెడ్ కాలిపోతున్నా అది తక్కువే చూపిస్తుంది. అందుకే ఘాట్లలో లైటును నమ్ముకోకుండా వాసన, పికప్ గమనిస్తా. తియ్యటి కూలెంట్ వాసన వచ్చినా, ఏసీ ఉన్నట్టుండి చల్లదనం తగ్గినా పక్కకు తీసి చూడాల్సిందే.

మూడు నాలుగు వందల రూపాయల హోస్ ఇంత పని చేసిందని అందరూ హోస్‌నే తిడతారు. అది ఎందుకు చీలిందో చూశారా? పాత రబ్బరు ఉబ్బి ఉందా, లేకపోతే రేడియేటర్ మూత పనిచేయక ప్రెషర్ ఎక్కువైందా? మీ కూలెంట్ ఏ రంగులో ఉండేది?

నల్లమల_బాట

రిజర్వ్ ట్యాంకు అడుగున తుప్పు రంగు మడ్డి ఉంది. రేడియేటర్ మూత లోపల తెల్లటి గార కట్టింది. పాత ఓనర్‌ది నల్లగొండ వైపు, బోరు నీళ్లే పోసేవారట.

పాలమూరు_క్యాబ్

అదీ సంగతి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్ రాడ్డుకు పట్టే గారే రేడియేటర్ గొట్టాల్లోనూ హెడ్ నీటి దారుల్లోనూ పడుతుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియదు. మే నెల ఎండలో, అయిదుగురితో, రెండో గేర్‌లో ఘాట్ ఎక్కినప్పుడే బయటపడుతుంది.

కూలెంట్ అంటే రంగునీళ్లు కాదు. సగం గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మంచి మూత బిగించి 1.1 బార్ ప్రెషర్ నిలబడితే 125 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. మూత స్ప్రింగు పోతే ఆ లాభమంతా పోయినట్టే. హోస్ చీలితే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి, మిగిలిన నీళ్లు అక్కడికక్కడే మరిగిపోతాయి.

ఆ ఇంజిన్‌కి కొత్త రేడియేటర్, లేకపోతే కనీసం రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి గార తీయడం), కొత్త మూత, కొత్త థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వు), పైనా కిందా హోసులు, క్లిప్పులు తప్పనిసరిగా వేయించండి. వాటర్ పంప్ రెక్కలు తుప్పు తిన్నాయేమో చూడండి. ఫ్యాన్ రిలే పనిచేస్తోందా చూడండి. ఇవన్నీ కలిపినా హెడ్ పని కన్నా తక్కువే.

డల్లాస్_గ్యారేజ్

ఇక్కడ లేబర్ చార్జీలకు భయపడి చాలా పనులు నేనే చేసుకుంటాను. మీ కేసులో అంతా బయటపడింది గానీ, అనుమానం దగ్గరే ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా. బ్లాక్ టెస్టర్ అని ఒక గొట్టం వస్తుంది. అందులో నీలం ద్రవం పోసి రేడియేటర్ మూతి మీద పెడతారు. గ్యాస్‌కెట్ దాటి సిలిండర్ గాలి కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపుపచ్చగా మారుతుంది. హెడ్ విప్పకుండానే తేలిపోతుంది. ఇండియాలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది.

కాకినాడ_కార్నర్

పాత ఇంజిన్ ఆఫర్ గురించి ఒక్క మాట. ఇంజిన్ మారిస్తే ఆర్సీలో ఇంజిన్ నంబరు కూడా మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తుంది, ఆర్టీవో ఆఫీసులో చెప్పి రాయించుకోవాలి. ఆ ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేకపోతే ముట్టుకోవద్దు. దొంగబండి ఇంజిన్ అయితే కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. రేపు యాక్సిడెంట్ అయితే నంబరు కలవలేదని ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా ఇబ్బందే. మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదు కాబట్టి ఈ రిపేర్‌కి క్లెయిమ్ ఆశ పెట్టుకోకండి.

నల్లమల_బాట

అప్‌డేట్. నిన్న హెడ్ విప్పారు, పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాను.

గ్యాస్‌కెట్ సరిగ్గా రెండు, మూడు మధ్యే కాలింది. వేలి గోరంత వెడల్పున నల్లగా మాడి, పొరలు విడిపోయాయి. హెడ్ పొడవునా 0.14 మిల్లీమీటరు వంపు. ప్రెషర్ టెస్ట్‌లో పగులు కనిపించలేదు. క్యామ్ పెట్టి తిప్పితే మూడో గుంట దగ్గర బిగుసుకుంది. మెకానిక్ "ఫేసింగ్ కొట్టిస్తే సర్దుకుంటుంది" అన్నాడు. నేను ఈ థ్రెడ్ తీసి చదివి వినిపించాను. చివరికి తిన్నగా చేసే షాపుకే పంపాడు.

బ్లాకు ముఖం 0.03 లోపే ఉంది. బోర్లలో హోనింగ్ గీతలు (తయారీలో పెట్టే అడ్డగీతలు) కనిపిస్తున్నాయి గానీ, మూడో బోరులో ఒకవైపు నిలువుగా సన్న గీతలున్నాయి. గోరుకు తగలడం లేదు. దీనికి ఇంజిన్ దించాలా?

ఫీలర్_గేజ్

గోరుకు తగలకపోతే బోరు కొట్టించాల్సిన పని ఉండకపోవచ్చు. కానీ అక్కడితో వదిలేయకండి. మీ ఇంజిన్‌లో ఆయిల్ ఛాంబర్ కింద నుంచి దించే వీలుంటే, ఇంజిన్ దించకుండానే పిస్టన్లు పైకి తీయొచ్చు. మూడో పిస్టన్ తీసి పక్క భాగం చూడండి. పిస్టన్ రాసుకున్న మచ్చ లోతుగా ఉంటే పిస్టన్ మార్చాలి. వేడికి రింగుల స్ప్రింగు గుణం పోతుంది. చూడ్డానికి బాగానే ఉంటాయి, తర్వాత ఆయిల్ తాగుతూ నీలం పొగ కొడుతుంది. కాబట్టి నాలుగు సెట్లూ కొత్త రింగులు వేయించండి. ఎలాగూ విప్పారు, ఆయిల్‌లో నీళ్లు కలిశాయి కాబట్టి కనెక్టింగ్ రాడ్ బేరింగులు తీసి చూసి కొత్తవి వేయండి. వాల్వ్ సీల్స్ వేడికి గట్టిపడి ఉంటాయి, అవీ మార్చాల్సిందే.

ఆటోనగర్_బెజవాడ

బిగించేటప్పుడు జరిగే తప్పులు నేను చెబుతా.

బ్లాకు ముఖం మీద పాత గ్యాస్‌కెట్ ముక్కలు గీకడానికి గ్రైండర్‌కి రాపిడి డిస్క్ పెట్టనివ్వకు. ఆ పొడి ఆయిల్ దారుల్లోకి పోయి కొత్త బేరింగులను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్, థిన్నర్, ఓపిక ఉంటే చాలు.

హెడ్ బోల్టులు కొత్తవే. ఇప్పుడు వచ్చే ఇంజిన్లలో చాలావాటికి బోల్టు కొంత సాగేదాకా బిగిస్తారు, ఆ సాగుడే పట్టు. ఒకసారి సాగినది మళ్లీ అంత పట్టు ఇవ్వదు. టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పిన వరసలో, మధ్య నుంచి బయటికి, దశలవారీగా బిగించాలి. చివర్న డిగ్రీల లెక్కన తిప్పమని ఉంటే యాంగిల్ గేజ్ వాడాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు మిగలకుండా గాలి కొట్టి ఆరబెట్టాలి. అడుగున ద్రవం ఉండి బోల్టు దిగితే పోయే దారి లేక బ్లాకే పగులుతుంది. లోహపు పొరల గ్యాస్‌కెట్‌కి రెండు వైపులా సిలికాన్ పేస్టు పూయనివ్వకు. మాన్యువల్ చెప్పిన మూలల్లో తప్ప అది అక్కర్లేదు.

నల్లమల_బాట

మూడో పిస్టన్ మచ్చ పైపైనే ఉందన్నారు, అదే వాడాం. రింగులు, రాడ్ బేరింగులు, వాల్వ్ సీల్స్, కొత్త బోల్టులు, గ్యాస్‌కెట్, రేడియేటర్, థర్మోస్టాట్, మూత, హోసులు అన్నీ పడ్డాయి. హెడ్ తిన్నగా చేసి ఫేసింగ్ కొట్టినదీ లేబరూ కలిపి మొత్తం 47 వేలు అయింది. రేపు స్టార్ట్ చేస్తారు. ముందుగా ఏం చూసుకోవాలి?

ఫీలర్_గేజ్

ముందు ప్లగ్గులు పెట్టకుండా, పెట్రోల్ ఆపి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ మీద తిప్పమనండి. కూలెంట్ పోసేటప్పుడు బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంచి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టండి. లోపల గాలి చిక్కుకుంటే కొత్త హెడ్డయినా కాలుతుంది. ఫ్యాన్ కనీసం రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి, హీటర్‌లోంచి వేడి గాలి రావాలి. పూర్తిగా చల్లారాకే మూత తీసి లెవెల్ చూడండి. మొదటి ఆయిల్ ఖరీదైనది వద్దు, మిగిలిన తేమ దానితో పోతుంది. కొంచెం తిరిగాక ఫిల్టర్‌తో సహా మార్చేసి మంచిది పోయండి.

నల్లమల_బాట

బండి బాగుంది! కంప్రెషన్ 12.5, 12.5, 12, 12.5. తెల్ల పొగ లేదు. రెండో ఆయిల్ కూడా మార్చాం, దించినది శుభ్రంగా ఉంది. మొన్న వికారాబాద్ అనంతగిరి కొండ ఎక్కించి వచ్చాం, ఏసీతోనే. తెల్లారి చల్లటి ఇంజిన్ మీద చూస్తే కూలెంట్ గీత దగ్గరే ఉంది. పేరుపేరునా అందరికీ కృతజ్ఞతలు.

ముల్లు లేదు కాబట్టి ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్ అంకెలు చదివే పరికరం) కొని ఫోన్‌లో టెంపరేచర్ చూస్తున్నాను. కొండ ఎక్కేటప్పుడు 96, 97 దాకా వెళ్లి మళ్లీ 90కి వచ్చింది. ఇది మామూలేనా?

పాలమూరు_క్యాబ్

మామూలే భయ్యా. థర్మోస్టాట్ 82 నుంచి 88 మధ్య తెరుచుకుంటుంది, ఫ్యాన్ 95 దాటాక తిరుగుతుంది. మీ రీడింగ్ అదే చెబుతోంది. 105 దాటి ఇంకా ఎక్కుతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ పెట్టి, మొదటి వీలైన చోట బండి ఆపేయండి. కూలెంట్ కారుతోందని కనబడితే ఇంజిన్ వెంటనే ఆఫ్ చేయండి. నీళ్లు ఉన్నాయి, ఫ్యాన్ తిరుగుతోంది అంటే మాత్రం ఐడిల్‌లో ఉంచితే తొందరగా చల్లారుతుంది. వేడి మీద మూత తీయొద్దు, చన్నీళ్లు పోయొద్దు. ఇంకో మాట, ఓబీడీ కూడా అదే సెన్సార్ అంకెనే చూపిస్తుంది. కూలెంట్ మొత్తం పోతే అదీ తప్పే చెబుతుంది. వారానికోసారి పొద్దున్నే బానెట్ ఎత్తి లెవెల్ చూసుకోండి. టాపప్‌కి డిక్కీలో కలిపిన కూలెంట్ లీటరు డబ్బా పెట్టుకోండి, లేకపోతే పెట్రోల్ బంకులో బ్యాటరీ వాటర్ కొని పోయండి.

మదనపల్లె_మైలేజ్

బ్యాటరీ వాటర్ అంటే డిస్టిల్డ్ వాటరేనా? యాసిడ్ ఉంటుందేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను.

పాలమూరు_క్యాబ్

డిస్టిల్డ్ వాటరే సార్, యాసిడ్ ఉండదు. డబ్బా మీద చదివే కొనండి, బ్యాటరీ యాసిడ్ వేరే అమ్ముతారు.